సుభద్ర టీచర్‌తో మోటుపల్లి దాకా

సంచీ జిప్పు తీయగానే రబ్బరు వాసన, దాని వెనకే ఉప్పు వాసన గుప్పుమన్నాయి. మంగళగిరిలో నేను అద్దెకుంటున్న ఈ గదిలోకి మామూలుగా వచ్చేది హైవే మీద లారీల మోత, గుంటూరు యార్డుకి పోయే మిరపకాయల ఘాటు. నీళ్లలోకి దిగేటప్పుడు కళ్లకు పెట్టుకునే అద్దాన్ని, శ్రీలంక నుంచి వచ్చి వారమైనా, సంచీలోనే మరిచిపోయాను. కుళాయి కింద కడుగుతుంటే అంచుల్లో ఇరుక్కున్న ఇసుక వేళ్లకు తగిలింది. ముప్పై నాలుగేళ్లదాన్ని, వీపున సంచీ వేసుకుని పన్నెండు రోజులు ఒక్కదాన్నే ఆ దేశపు తూర్పు తీరం వెంట తిరిగొచ్చాను. ఆఫీసులో అందరూ అడిగింది ఒక్కటే, "భయం వెయ్యలేదా?" అని. వేసింది. వేసిందని పైకి చెప్పడం నాకు నేర్పిన మనిషిని వాళ్లెవరూ చూడలేదు.

అద్దంకిలో నేను చదివిన ఆడపిల్లల హైస్కూల్లో సుభద్ర టీచర్ సోషల్ చెప్పేవారు. నలభై దాటిన మనిషి, పెళ్లి చేసుకోలేదు. నేత చీరను చీలమండల పైకి కట్టుకుని చకచకా నడిచేవారు. ప్రతి వేసవిలో ఖాకీ గుడ్డ సంచీ తగిలించుకుని ఒక్కరే సముద్రం ఒడ్డు పట్టుకుని వెళ్లిపోయేవారు. ఒక ఏడు సూర్యలంక నుంచి నిజాంపట్నం వైపు, ఇంకో ఏడు కొత్తపట్నం నుంచి దిగువకి. పాత రేవులు, కూలిన గుళ్లు, ఇసుకలో కూరుకుపోయిన గోడలు వెతుక్కునేవారు. "తోడు లేకుండా ఎట్టా తిరుగుద్దో ఆ మనిషి" అని ఊళ్లోవాళ్లు బుగ్గలు నొక్కుకునేవాళ్లు. జూన్‌లో ముక్కు మీద చర్మం ఊడిన ముఖంతో బడికొచ్చి, మ్యాపు మీద వేలు పెట్టి, "ఇక్కడ నన్ను కుక్కలు తరిమాయి. ఇక్కడ ఒక పెద్దమ్మ చేపల పులుసు పెట్టింది" అనేవారు.

మాది అద్దంకి పక్క పల్లె. పత్తీ, మిరపా వేసేవాళ్లం. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా పెదనాన్న కొడుకు శీనన్న సాగర్ కాలువలో ఈతకు దిగి మునిగిపోయాడు. ఆ తర్వాత అమ్మ నన్ను నీళ్ల దాపులకు పోనివ్వలేదు. అమ్మ పోనిచ్చినా నేను పోయేదాన్ని కాదు. ఒకసారి పొలాలు చూపించడానికి టీచర్ మా క్లాసుని కాలువ వంతెన మీదుగా నడిపించారు.

"ఏమ్మా కోటేశ్వరీ, కళ్లెందుకు మూసుకున్నావు?"

"ఎండండీ టీచర్."

"ఎండ వీపు మీదుంది కదమ్మా."

నా చెయ్యి పట్టుకుని వంతెన దాటించాక శీనన్న సంగతంతా విన్నారు. "భయమేస్తే భయమేసిందని చెప్పు. దాచుకుంటే, నీకు చెయ్యి అందించాలని పక్కవాళ్లకి ఎలా తెలుస్తుంది?" అన్నారు.

పదో తరగతిలో, మిరపకోతల రోజుల్లో, ఒక ఆదివారం ఆమె మోటుపల్లి వెళ్తున్నారని తెలిసి వెంటపడ్డాను. "మీ అమ్మ ఒప్పుకుందా?" అని అడిగారు. "ఒప్పుకుందండి" అన్నాను. అమ్మకేమో బడివాళ్లం పదిమందిమి అమరావతి పోతున్నామని చెప్పాను. బస్సులో చీరాల, అక్కణ్ణుంచి ఆటోలో వాడరేవు. ఆ పొద్దున అలలు చిన్నవిగా ఉన్నాయి. నడుం లోతు నీళ్లలో టీచర్ నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, వీపు కింద అరచెయ్యి పెట్టారు. "భయమేస్తోంది టీచర్" అన్నాను. "నా చెయ్యి ఉంది. ఊపిరి మెల్లగా వదులు" అన్నారు. నాలుగోసారికో అయిదోసారికో చెయ్యి తీసేస్తానని ముందే చెప్పి తీసేశారు. నేను తేలాను. చెవుల్లో నీళ్లు, పైన ఆకాశం, ఇంకేమీ లేదు. ఎనిమిదేళ్ల వయసు నుంచీ బిగబట్టిన ఊపిరేదో అక్కడ వదిలినట్టనిపించింది.

తర్వాత సరుగుడు తోటల పక్కన ఇసుకలో నడిచాం. కాళ్లు పీకినప్పుడు ఆటో ఎక్కాం. మోటుపల్లి గుడి దగ్గర అక్షరాలు చెక్కిన స్తంభాన్ని చూపించి, "ఒకప్పుడు ఇది పెద్ద రేవు. ఓడ పగిలి ఒడ్డుకొచ్చినవాళ్ల సరుకు లాక్కోం, భయపడకండని రాజు చెక్కించిన మాట ఇది. భయపడేవాళ్లని చూసి నవ్వలేదు, చూశావా?" అన్నారు.

తిరుగు దారిలో చీరాల బస్టాండులో మా మేనమామ కంట పడ్డాం. మర్నాడు అమ్మ కోత వదిలేసి బడికొచ్చింది. హెడ్మాస్టరు గారి గదిలో, అందరి ముందూ, "మా ఇంట్లో ఏం జరిగిందో తెలిసి కూడా నా బిడ్డని సముద్రంలోకి దింపుతావా? నీకు పిల్లలుంటే తెలిసేది!" అని అరిచింది. హెడ్మాస్టరు గారు నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా, ఇంట్లో అడిగే వెళ్లావా?"

"టీచరే రమ్మన్నారండి," అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "ఇంట్లో చెప్పొద్దన్నారు."

టీచర్ నన్ను ఒక్కసారి చూశారు. తర్వాత హెడ్మాస్టరు గారితో, "పొరపాటు నాదేనండి" అన్నారు. వేసవి సెలవులయ్యేసరికి ఆమెకు దర్శి అవతల పల్లెకి బదిలీ అయింది. మా బడిలో మ్యాపు గోడకి అలాగే వేలాడుతూ ఉండేది.

పదిహేనేళ్లు పట్టింది నాకు ఆమె ముందుకు వెళ్లడానికి. రిటైరై చీరాలలో రెండు గదుల ఇంట్లో ఉన్నారు. గుమ్మంలోనే ఏడ్చేశాను. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. "నీకు పదిహేనేళ్లు, నాకు నలభై ఆరు. మీ అమ్మని నేనే ఒక మాట అడగాల్సింది. అడిగితే పంపదేమోనని అడగలేదు. ఎన్నేళ్లని ఒక్కదాన్నే తిరగను? నాకూ ఆ రోజు తోడు కావాలనిపించింది," అన్నారు. నేను కళ్లు తుడుచుకుంటుంటే మళ్లీ తనే, "కానీ నొప్పేసింది కోటీ. లేదంటే నీకు అబద్ధం చెప్పినట్టవుతుంది," అన్నారు. వచ్చేటప్పుడు, "మీ అమ్మకి చెప్పావా?" అని అడిగారు. లేదన్నాను. చెప్పమని గానీ, వద్దని గానీ అనలేదు.

రెండేళ్ల కిందట ఆమె పోయారు. నాకు తెలిసేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది.

ట్రింకోమలీలో సముద్రం అంచున ఒక కొండ, కొండ మీద గుడి. కూలిపోయిన పాత గుడి స్తంభాలు కింద నీళ్లలో పడి ఉన్నాయి. నన్ను తీసుకెళ్లిన సెల్వి అనే తమిళమ్మాయి, వీపున గాలి సిలిండరుతో నీటి అడుగుకి దిగడం రెండు రోజులు తీరం దగ్గర నేర్పించి మూడో రోజు అక్కడ దింపింది. రెండు నిలువులు దిగానో లేదో ఊపిరి అందనట్టయి పైకి వచ్చేశాను. "చెవి నొప్పా?" అని అడిగింది. అవునంటే సరిపోయేది. "కాదు, భయం" అన్నాను, శీనన్న సంగతి చెప్పాను. "అయితే ఈసారి నా చెయ్యి పట్టుకో" అంది. పట్టుకుని దిగాను. నాచు పట్టిన చెక్కడపు రాళ్ల మధ్య పసుపు చారల చేపలు తిరుగుతున్నాయి. ఒక స్తంభం మీద అరచెయ్యి ఆన్చి కాసేపు ఉన్నాను. ఈ రాళ్లు చూస్తే టీచర్ ఎంత సంబరపడేవారో.

ఆ సాయంత్రం ఒడ్డున కూర్చుని అమ్మకి ఫోను చేసి, సముద్రంలో దిగానని చెప్పాను. "అమ్మా, ఆ రోజు టీచర్ నన్ను రమ్మనలేదు. నేనే వెంటపడ్డాను. ఇంట్లో చెప్పొద్దనీ ఆవిడ అనలేదు."

"అందరి ముందూ ఎంతెంత మాటలన్నానే ఆవిణ్ణి," అంది అమ్మ. "ఇప్పుడు ఎక్కడుంటుంది?"

"లేదమ్మా. పోయి రెండేళ్లయింది."

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదే?"

"భయమేసింది."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. అమ్మ అన్న మాటల్ని టీచర్ ముందు వెనక్కి తీసుకునే వీలు లేకుండా చేసింది నేనే. అది ఎవరూ నా మీద నుంచి దింపలేరు.

"ఇప్పుడు ఎంత లోతు దిగావు?" అంది అమ్మ కాసేపటికి.

నడుం లోతని చెప్పి ఉండొచ్చు. "ఎనిమిది మీటర్లమ్మా. మన డాబా మీద ఇంకో డాబా వేసినంత. రేపు మళ్లీ దిగుతాను."

"అమ్మో" అంది. ఆ రాత్రి అమ్మకి నిద్రపట్టి ఉండదు. అయినా, అమ్మకు తెలిసిన లోతూ నేను దిగిన లోతూ మొదటిసారి ఒక్కటయ్యాయి.