అరిసె మీద సగం అడుగు

మా కరుణ నడక మొదలుపెట్టిన వారానికి మాయమ్మ అరిసెలు వండింది. మా ఇళ్లల్లో పిల్లలు బోర్లపడితే బక్షాలు (అదే, బొబ్బట్లు), గడప దాటితే గారెలు, నడిస్తే అరిసెలు చేసి వీధిలో పంచుతాం. అరిసెలకు ఒక పద్ధతి ఉంది. చాప మీద వరుసగా పేర్చి, కాళ్లు కడిగిన పాపను వాటి మీద నడిపిస్తాం. ఆ తొక్కిన అరిసెలే ఇంటింటికీ పోతాయి. వద్దన్నవాళ్లు ఆళ్లగడ్డలో ఇంతవరకూ నాకు తగల్లేదు.

ఆ సాయంత్రం ఎదురింటి ఖాసింబీ తట్ట తిరిగి ఇవ్వడానికి వచ్చింది. ఆమెది గాజుల అంగడి. సరుకు చూడకుండా తీసుకునే మనిషి కాదు.

"ఏందప్పా సారూ, మాకు పంపినవన్నీ సగం తొక్కినవేనా? ఒక్కదాంట్లో గూడా మడమ లేదే!"

మాయమ్మ నొచ్చుకుని, ఇంట్లో మిగిలిన అరిసెలు తెచ్చి ఆమె ముందు పెట్టింది. ఎడమ కాలు పడినవాటిలో పాదం నిండుగా ఉంది. కుడి కాలు పడినవాటిలో వేళ్లు మాత్రమే ఉన్నాయి. మడమ ఎక్కడా లేదు. ఖాసింబీ తట్ట పక్కన పెట్టి, పాప కుడి కాలు చేతిలోకి తీసుకుని చూసింది.

అప్పటిదాకా కరుణ ఒక పక్కకు ఊగుతూ నడుస్తుంటే "బాతు మాదిరి నడుస్తాంది సూడు" అని చుట్టాలకు చూపించి మురిసిపోయాం. నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. బాతు నడక బాతులకే ఉండాలన్న సంగతి నాకు తట్టలేదు.

మరుసటి రోజు నేనూ, నా భార్య సరోజా పాపను నంద్యాలలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన పాపను వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్లు రెండూ మడిచి పెట్టాడు. ఒక మోకాలు ఎత్తుగా, ఒకటి కిందికి ఉంది. ఎక్స్‌రే తీయించాడు.

"కంజెనిటల్ డిస్‌లొకేషన్ ఆఫ్ హిప్. తుంటి ఎముక తల దాని గిన్నెలో లేదు. పుట్టుకతోనే అంతే. నెలల పిల్లప్పుడు తెచ్చుంటే బెల్టుతో పోయేది."

"ఇప్పుడు?" అంది సరోజ.

"అనస్థీషియా ఇచ్చి ఎముకను కూర్చోబెట్టి, ఫ్రాగ్ ప్లాస్టర్ వేస్తాం. మూడు నెలలకు విప్పి చూస్తాం. నిలిస్తే మంచిది. లేకుంటే ఆపరేషన్, అదీ కర్నూల్లో. దాంతో కుంటు పూర్తిగా పోతుందని మాటివ్వలేను."

ఫ్రాగ్ ప్లాస్టర్ అంటే ఏమిటో పాప బయటికి వచ్చాక చూశాం. నడుము నుంచి చీలమండల దాకా తెల్లటి కట్టు. తొడలు రెండూ ఎడంగా, మోకాళ్లు మడిచి. ప్రాక్టికల్స్‌లో మైనం ట్రే మీద నేను కప్పకు పిన్నులు గుచ్చేది సరిగ్గా ఆ భంగిమలోనే.

ఇంటికొచ్చాక మాయమ్మ పాపనూ, నన్నూ మార్చి మార్చి చూసింది. "ఎన్ని కప్పల్ని ఇట్ల పండబెట్టినావో. ఊరికే పోతాదా?"

"సిలబస్‌లో ఉందమ్మా."

"ఆ సంగతి కప్పలకు చెప్పినావా?"

ఆ కట్టుతో పాప ఒళ్లో పట్టేది కాదు. బస్సులో రెండు సీట్లు కావాలి. నంద్యాలకు చెకప్పుకి పోతున్నప్పుడు కండక్టరు దుప్పటి కప్పిన పాపను చూసి, "టికెట్టు లేని పాపకు రెండు సీట్లా? కాళ్లు దగ్గరికి పెట్టమనమ్మా" అన్నాడు.

"నువ్వే చెప్పన్నా. మా మాట వినదు" అంది సరోజ, దుప్పటి తీసి.

ఆయన చూశాడు. ముందు సీటు దగ్గరికి పోయి, "పెద్దాయనా, లెయ్. ఈడ గతుకులు తక్కువ, పాప కూచోవాల" అన్నాడు.

కరుణ మాటలు నేర్చింది ఆ కట్టులోనే. అందరి పిల్లలూ అమ్మా అత్తా అంటారు. మా పిల్ల మొదటి మాట "కదలద్దు". పొద్దస్తమానం ఇంటిల్లిపాదీ దానికి చెప్పేది అదొక్కటే కదా. కోడిని కదలద్దు అనేది, ఫ్యాన్‌ను కదలద్దు అనేది. కరెంటు పోయి ఫ్యాన్ ఆగితే గర్వంగా మావైపు చూసేది. మాటలొచ్చినందుకు మాయమ్మ చక్కెర చిలకలు పంచింది.

మూడు నెలలకు ప్లాస్టర్ కోశారు. లోపల్నుంచి నాలుగు శనగ గింజలు రాలాయి, అందమైన మొలకలతో. మాయమ్మ శనగలు చెరుగుతూ పాపను పక్కనే పండబెట్టుకునేది. విత్తనం పాప వేసింది, తడి కూడా పాపదే.

"సేద్యం బాగుంది సార్" అన్నాడు డాక్టరు. కొత్త ఎక్స్‌రే చూశాక మాత్రం నవ్వలేదు. తడికి ప్లాస్టర్ మెత్తబడి, ఎముక కొంచెం జారింది. "ఇంకొక్కసారి వేస్తా. ఈసారీ నిలవకపోతే కర్నూలే."

తిరుగు బస్సులో సరోజ కిటికీ నుంచి ముఖం తిప్పలేదు. నాకు జోకు ఒక్కటీ గుర్తురాలేదు.

ఈసారి ప్లాస్టర్ అంచులకు ప్లాస్టిక్ కాగితం చుట్టి, గంటగంటకూ గుడ్డ మార్చాం. మాయమ్మ శనగల మూటను ఖాసింబీ ఇంటికి తరలించింది. మళ్లీ మూడు నెలలు గడిచాయి. డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసి, ఒకే మాట అన్నాడు.

"కూర్చుంది."

ఆ మాటకు సరోజ కూడా కూర్చుంది, అక్కడే నేల మీద.

కానీ విప్పిన కాళ్లు దగ్గరికి రావు. రెండేళ్ల పిల్ల పసిబిడ్డ మాదిరి అన్నీ మొదటినుంచి నేర్చుకోవాలి. ఒకరోజు తనంతట తాను బోర్లపడింది. మాయమ్మ వెంటనే పప్పు ఉడకేసింది.

"ఒక బిడ్డకు ఎన్నిసార్లమ్మా బక్షాలు?" అంది ఖాసింబీ.

"తినేదానికి నీకేం నొప్పి?" అంది మాయమ్మ.

గడప దాటింది, మళ్లీ గారెలు. ఆఖరికి గోడ వదిలి నాలుగడుగులు వేసింది. మాయమ్మ బియ్యం నానబోసింది.

చాప మీద అరిసెలు పేర్చాం. ఖాసింబీ అంగడి మూసి వచ్చింది. పాప మొదటి అరిసె మీద నిలబడి తూలింది. పట్టుకుందామని నేను ముందుకు వంగాను.

"కదలద్దు" అంది నాతో.

కదల్లేదు. అది చాప చివరిదాకా పోయింది. పాపను ఎత్తుకోవాల్సింది పోయి అందరం అరిసెల మీదికి వంగాం. కుడికాలి మడమ ఉంది. లోతు కొంచెం తక్కువే గానీ, ప్రతి దాంట్లోనూ ఉంది. మాయమ్మ కుడికాలి అరిసెలన్నీ ఏరి ఖాసింబీ తట్టలో వేసింది.

కరుణ ఇప్పుడు పదో తరగతి. బాగా అలసిపోతే కుడి కాలు కాస్త ఈడుస్తుంది, అంతే. ఆటల్లో పరుగెత్తుతుంది. బయాలజీ అంటే మాత్రం ముఖం అటు తిప్పుకుంటుంది. నేనేమీ అనను.

చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ ఇంట్లో బిడ్డ నడిస్తే అరిసెలు చేయండి. చేయడం రాకపోతే తడి కాళ్లతో గచ్చు మీద నడిపించండి. పంచే ముందు మడమలు చూడండి, రెండూ. ఒకటే కనిపిస్తే పంపకం తర్వాత చూసుకోవచ్చు, ముందు బస్సెక్కండి.