చదివి వినిపించే హక్కు

కాపీరైటు మీద ఒక పేరున్న రచయిత్రితో గంటసేపు వాదించి, చివరికి ఆవిడ చేత ఔననిపించినవాణ్ణి నేను. మేముండే పారమట్టాలో ఈ కథ నేను చెప్పని తెలుగిల్లు లేదు.

గంట కాదు. టీ చల్లారేలోపే అయిపోయింది. వాదించిందీ ఆవిడే.

పక్కనే హారిస్ పార్క్‌లో ఉండే మా డాక్టరు మిత్రుడికి చూపు పోయింది. ఇక్కడి లైబ్రరీలో వినడానికి ఇంగ్లీషు పుస్తకాలు కావలసినన్ని ఉన్నాయి, తెలుగువి లేవు. ఆయనకిష్టమైన నవలేమో అచ్చులో లేక ఏళ్లయింది. నా దగ్గరున్న ప్రతిని రోజూ కాస్త ఫోన్లో చదివి పంపేవాణ్ణి. అంతటితో ఆగితే పుణ్యమే. నా గొంతు నాకే ముద్దొచ్చి, చూపుపోయిన డాక్టరు కోసం చదివానని రాసి మరీ ఆ రికార్డింగులు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అవి మెల్‌బోర్న్‌లో క్రాన్‌బర్న్ దాకా వెళ్లి, అక్కణ్ణుంచి విజయవాడలో ఉన్న రచయిత్రి చెవిన పడ్డాయి.

ఆవిడ ఫోన్ చేసినప్పుడు డాక్టరు ఇంట్లోనే ఉన్నాను. మెచ్చుకోవడానికే అనుకుని స్పీకరు పెట్టాను.

“చూపులేని మనిషికి చదివి పెడితే కాదంటానా? ఊరందరికీ పంచడానికి మీరెవరండీ? మళ్లీ అచ్చు వేస్తానని ఇన్నాళ్లకి ఒకాయన ముందుకొచ్చాడు. అందరూ ఊరికే వింటుంటే ఇంకేం వేస్తాడు?”

జ్ఞానం అందరి సొత్తని నా దగ్గర ఒక ఉపన్యాసం ఉంది. నోట్లోంచి వచ్చింది మాత్రం, “తప్పేనమ్మా, తీసేస్తాను.”

డాక్టరు కుర్చీలో ముందుకు వంగాడు. “అమ్మా, నేను వినాల్సిన అధ్యాయాలు ఇంకా ఉన్నాయి. నాక్కూడా ఆగిపోతాయా?”

“మీరు వినండి డాక్టరు గారూ, మీ ఒక్కరే. కాకపోతే ఉన్నదున్నట్టు చదవమనండి. కథానాయిక తండ్రిని చంపేశారేమండీ? నా పుస్తకంలో ఆయన నిక్షేపంలా ఉన్నాడు!”

ఆ తండ్రి నోరు తెరిస్తే పేజీలకు పేజీలు. నా గొంతు నొప్పి. అందుకని గుండెపోటు తెప్పించాను. ఆ భాగం వింటూ డాక్టరు కళ్లు తుడుచుకున్నాడు కూడా.

“నువ్వా చంపింది! ఇంజనీరువి, నీకెందుకయ్యా హార్ట్ ఎటాకులు?” అన్నాడు, ఫోన్ పెట్టేశాక.

ఒకసారి దగ్గి, “మొత్తానికి పర్మిషన్ సాధించానా లేదా?” అన్నాను.

“నువ్వు సాధించిందేం లేదు. అడిగింది నేను, ఆవిడ ఇచ్చింది నాకు. ముందు ఆ తండ్రిని బతికించి, అక్కణ్ణుంచి మళ్లీ చదువు.”