రేఖ వెనక్కి తీసుకున్న ఫలితం

రేఖ సముద్రాన్ని చూసింది ఒక్కసారే, అదీ పెళ్లయిన కొత్తలో. అయినా ఏడాదిన్నరగా ఆమె పనంతా సముద్రపు నీళ్లతోనే. గోపన్‌పల్లిలో ఆమె పనిచేసే చిన్న ప్రయోగశాలకు కాకినాడ నుంచి ఐసు పెట్టెల్లో వడపోత కాగితాలు వచ్చేవి. పడవలో వెళ్లినవాళ్లు రెండేసి లీటర్ల నీళ్లు వాటి గుండా పోసేవారు. నీళ్లలో తేలే చర్మపు పొట్టు, మలం లాంటివి ఆ కాగితాల మీద నిలిచిపోతాయి. వాటిలోంచి డీఎన్ఏ తీసి, ఆ దారిన ఏ ప్రాణి వెళ్లిందో చెప్పాలి. డాల్ఫిన్ ఎవరి కంటా పడనక్కర్లేదు.

ఆ గురువారం వచ్చిన ఫలితం చూసి ప్రయోగశాలలో అందరూ లేచి నిలబడ్డారు. నాలుగు చోట్ల తెచ్చిన నీళ్లలో మూడు చోట్ల పార్పస్ జాడ ఉంది. డాల్ఫిన్‌కు దగ్గరి చుట్టమది. గుండ్రటి తల, వీపు మీద రెక్క ఉండదు, మనిషి అలికిడికే మునిగిపోతుంది. ఆ సముద్రంలో స్తంభాలు పాతబోతున్న ఒక కంపెనీ కోసమే ఈ పరీక్ష. పార్పస్‌లు ఉంటే ఆ చప్పుడుకు చెదిరిపోతాయి, పని ఆపాలి. సోమవారం హైటెక్ సిటీలో మీటింగు. ప్రయోగశాల పెద్ద రామ్మోహనరావు కంపెనీకి ఆ కబురు పంపి, స్వీట్లు తెప్పించారు. రేఖ ఒక ముక్క చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. నోట్లో పెట్టుకోబుద్ధి కాలేదు.

మంగళవారం సంగతి గుర్తొచ్చింది. పోల్చి చూడటానికి వాళ్ల దగ్గర అసలు పార్పస్ డీఎన్ఏ ఉన్న సీసా ఒకటుంది. దాన్ని పక్క గదిలోనే తెరవాలి, తెరిచాక కోటు మార్చకుండా శుభ్రమైన గదిలోకి రాకూడదు. ఆ రోజు నోటు పుస్తకం మర్చిపోయి, అదే కోటుతో శుభ్రమైన గదిలోకి వెనక్కి వచ్చింది. అర నిమిషం. ఆ తర్వాతే ఆ నాలుగు కాగితాలూ తెరిచింది.

శుక్రవారం నార్సింగిలో ఇంటికెళ్లాక కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. ఒకే గిన్నెను మళ్లీ మళ్లీ తోముతుంటే, ఆఫీసుల్లో లిఫ్టులు బాగుచేసే ఆమె భర్త మహేందర్ వచ్చి నల్లా కట్టేశాడు.

"ఏందే, ఏమైంది నీకు?"

"పనిల ఒక తప్పు చేసిన. చెప్పాల్నా వద్దా అని."

"ఎవరన్న అడిగిన్రా?"

"ఎవ్వలు అడగలే. అడగరు గూడ."

"మరి ఫికరేంది?"

"గదే ఫికర్."

అతనికి అర్థమైంది. కరోనా రోజుల్లో రేఖ ఒక పరీక్షా కేంద్రంలో రోజుకు ఆరేడు వందల నమూనాలు చూసేది. ఒకరోజు ఆమె చేతిలోంచే ఒక నమూనా తుంపర ఇంకోదాంట్లో పడి, ఏ జబ్బూ లేని పెద్దావిడకు కరోనా ఉన్నట్టు రిపోర్టు వెళ్లింది. ఆవిణ్ణి దవాఖానలో రోగుల మధ్య ఉంచారు. జబ్బు ఆమెకు అక్కడే అంటుకుంది. బతికి బయటపడింది గాని, తప్పెక్కడ జరిగిందో కేంద్రంలో ఎవరికీ తెలియలేదు. మహేందర్‌కు తప్ప రేఖ ఇంకెవరికీ చెప్పనూ లేదు.

శనివారం పొద్దున సిగ్నళ్ల దగ్గర బండి ఆగిన ప్రతిసారీ వెనక్కి తిప్పుదామనుకుంది. చివరికి రామ్మోహనరావు గది తలుపు తట్టింది. ఆయన పూర్తిగా విన్నారు.

"ఖాళీ నమూనా శుభ్రంగానే వచ్చింది కదమ్మా?" అన్నారు. ఉత్త నీళ్లు పోసిన కాగితం అది. ఎక్కడైనా కల్తీ జరిగితే దాంట్లో పట్టుబడుతుంది.

"దాన్ని నేను మళ్లా లోపలికి రాకముందే తీసిన సార్. మిగిలినయి వచ్చినంక తీసిన. గందుకే దాన్ని నమ్మొద్దు."

"సోమవారం మీటింగు పెట్టుకుని, ఇవాళా అండీ ఈ మాట చెప్పేది?" కోపమొస్తే ఆయన అందరినీ 'అండీ' అనేవారు. కిటికీ దాకా వెళ్లి, తిరిగి వచ్చి కూర్చున్నారు. "ప్రతి కాగితంలో సగం కోసి ఫ్రీజరులో దాచాం కదా? అఖిల చేత చేయిస్తాను. మీరు లోపలికి వెళ్లకండి."

మీటింగు శుక్రవారానికి వాయిదా పడింది. ఆ నాలుగు రోజులూ రేఖ శుభ్రమైన గది అద్దానికి ఇవతలే ఉంది. తనకంటే ఆరేళ్లు చిన్నదైన అఖిల ఒక్కో గొట్టం తీస్తుంటే, తన వేళ్లు వాటంతటవే కదిలేవి. కూర్చునేది, లేచేది, కారిడారు చివరిదాకా నడిచేది. రెండు రకాలుగానూ కోరుకునేది: పార్పస్ పోవాలని ఒకసారి, ఉండాలని ఒకసారి. తన తప్పు నిజమైతే జంతువులు లేనట్టు. జంతువులుంటే తను ఊరికే రచ్చ చేసినట్టు.

మూడు చోట్లలో రెండు పోయాయి. ఒక్కచోట మాత్రం, నదీముఖానికి దగ్గర్లో, రెండోసారీ వచ్చింది.

శుక్రవారం మీటింగులో కంపెనీ తరపు మనిషి కుర్చీలో వెనక్కి వాలాడు. "పోయిన వారం మూడన్నారు. ఇప్పుడు ఒకటంటున్నారు. రేపు సున్నా అంటారా?"

రామ్మోహనరావు రేఖ వైపు తిరిగారు. ఆమె లేచింది.

"ఆ రెండు నా తప్పు సార్. నా కోటుకంటి వచ్చి ఉండొచ్చు. ఈ ఒక్కటి నేను ముట్టలేదు, అయినా వచ్చింది. నమ్మకుంటే కొత్త నీళ్లు తీయిద్దాం. మీవాళ్లను గూడ పంపుండ్రి, వాళ్ల ముందటనే వడగడ్తం."

ఆ మనిషి పక్కవాడితో ఏదో గుసగుసలాడాడు. సరే అన్నాడు.

అలా రేఖ రెండోసారి సముద్రం దగ్గరికి వెళ్లింది. పడవ కదిలిన పావుగంటకే కడుపులో తిప్పింది. కంపెనీ పంపిన ఇద్దరూ చూస్తుండగా వాంతి చేసుకుని, మూతి కడుక్కుని, పంపు పట్టుకుంది. నీళ్లు బురదగా ఉన్నాయి, కాగితం మాటిమాటికీ పూడుకుపోయింది. చుట్టూ ఎంత చూసినా ఏ వీపూ పైకి లేవలేదు. ఆ రోజు నదీముఖం దగ్గర ఆరు చోట్ల తీసిన నీళ్లను గోపన్‌పల్లిలోనూ, మరో ఊళ్లోని ఇంకో ప్రయోగశాలలోనూ విడివిడిగా పరీక్షించారు. రెండు ప్రయోగశాలల్లోనూ ఆరింటిలో నాలుగింట పార్పస్ దొరికింది. నదీముఖం వైపు స్తంభాలు మానుకుని, కంపెనీ దక్షిణానికి జరిగింది.

ఆ కబురు చెప్పడానికి రేఖ మహేందర్‌కు ఫోన్ చేసింది. అతనేదో భవనంలో పద్నాలుగో అంతస్తులో, ఆగిపోయిన లిఫ్టు మీద కూర్చుని ఉన్నాడు.

"మరి నువ్వు ఇంతకీ దాన్ని చూసినవా?"

"యాడ కనవడ్డది? కక్కుడే సరిపాయె."

అతను నవ్వాడు. అవతల ఎవరో కేకేస్తే ఫోన్ పెట్టేశాడు. రేఖ ప్రయోగశాల మెట్ల మీదే నిలబడింది. కరోనా నాటి ఆ పెద్దావిడ ఉండేది బాలానగర్ దగ్గరే, వీధి పేరు గుర్తుంది. ఆదివారం వెళ్లి చెప్పాలా అని ఆలోచిస్తూ, రెండు మెట్లు దిగి, మళ్లీ ఆగింది.