చెల్లెలిని అడిగిన ప్రశ్నలు

యూనివర్సిటీలో తుపాకి చావుల మీద పరిశోధన చేసే విభాగంలో ఆవిడని అందరూ ప్రశ్నలక్క అనేవారు. ఏ ఇంట్లోనైనా ఎవరైనా తుపాకితో ప్రాణం తీసుకుంటే, కొన్నాళ్లు ఆగి ఆ ఇంటివాళ్లతో మాట్లాడి రావడం ఆవిడ పని. తుపాకి ఎక్కడుండేది, తాళం వేసేవారా, తూటాలు విడిగా పెట్టేవారా... కొందరు మొహం మీదే తలుపేసేవారు. కొందరు చెయ్యి పట్టుకుని వదిలేవారు కాదు. ఎక్కడ అడగాలో, ఎక్కడ ఊరుకోవాలో ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య.

చెల్లెలి మొగుడు గోదాము కాపలా ఉద్యోగంలో చేరినప్పుడు ఓ పిస్తోలు కొన్నాడు. "దానికో ఇనప్పెట్టె కొనవయ్యా," అని ఆవిడ చెవినిల్లు కట్టుకుని పోరేది.

"మీ ఆఫీసుని వాకిట్లో వదిలేసి రండి వదినా! దొంగొచ్చాక తాళంచెవి వెతుక్కోమంటారా?" అని నవ్వేసేవాడు.

గోదాము మూతపడింది. అంత మాటకారి నోట మాట కరువైంది. ఓ మధ్యాహ్నం చెల్లెలు ఆరిన బట్టలు తీస్తుండగా పడగ్గదిలో పిస్తోలు పేలింది.

కొన్ని నెలలకి ఆ ఇల్లూ పరిశోధనలోకి వచ్చింది. వేరే మనిషిని పంపుతానన్నాడు ఆ విభాగం నడిపే ప్రొఫెసర్. చెల్లెలు ఒప్పుకోలేదు. "ముక్కూమొహం తెలియనివాళ్ల ముందు ఆయన సంగతి విప్పలేను. అక్కయితేనే చెప్తాను."

"సొంతవాళ్లు అడిగింది మా లెక్కలోకి రాదమ్మా," అన్నాడాయన ఆవిడతో. "అయినా వెళ్లండి. వినండి."

వంటింట్లో ఎదురెదురుగా కూర్చున్నారు.

"అందర్నీ ఎలా అడుగుతావో అలాగే అడుగు," అంది చెల్లెలు.

"ఎక్కడ పెట్టేవాడు?"

"అల్మారాలో, కోట్ల వెనక."

"ఎప్పుడైనా తీసి దాచేద్దామనిపించిందా?"

చెల్లెలు బల్లమీద గీతని గోటితో గీరింది. "దాచాను. పిండిడబ్బాలో. ఆయన వెతుక్కుని, 'నన్ను చంటిపిల్లాణ్ణి చేశావా?' అన్నాడు. మొహం అంత చిన్నబోయింది. నాకే సిగ్గేసి తీసిచ్చాను. ఈ చేత్తోనే అక్కా."

ఎన్నో ఇళ్లలో 'మీ తప్పేం లేదు' అని చెప్పి వచ్చిందావిడ. ఇక్కడ కుర్చీ జరుపుకుని చెల్లెలి తల ఒళ్లోకి తీసుకుంది.

ఆ తర్వాత ప్రొఫెసర్ తన పరిశోధన చట్టసభ కమిటీ ముందు పెట్టాడు. ఇంటివాళ్లు అడిగితే, కష్టకాలం గడిచేదాకా పోలీసులు తుపాకి తమ దగ్గర ఉంచుకునే చట్టం కావాలన్నాడు. చెల్లెలు తనంతట తానే వెళ్లి మాట్లాడింది. పిండిడబ్బా సంగతి చెప్తుంటే ఒక సభ్యుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంకొకాయన ఫోన్ చూసుకున్నాడు. చివరికి నిర్ణయాన్ని వచ్చే సమావేశాలకి వాయిదా వేశారు.

తిరిగొచ్చే బస్సులో అక్క పక్కన చెల్లెలు కిటికీవైపు తిరిగి కూర్చుంది.

"అప్పటిదాకా నువ్వింకెన్ని ఇళ్లకి వెళ్లాలో కదా అక్కా," అంది.

"రేపొకటి ఉంది," అంది ఆవిడ.