గ్రీకులో ఊ కొట్టిన చలికాలం

ఐసెలిన్‌లో ఒక బేస్‌మెంట్‌లో అద్దెకుంటూ, ఉన్న ఉద్యోగం పోగొట్టుకుని, వీసా గడువు దగ్గరపడుతుంటే కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చున్న ఆ రోజుల్లో నాకు చదువు మీద విపరీతమైన శ్రద్ధ ఉండేది. చదవాల్సింది తప్ప ఏదైనా చదివేవాణ్ణి. (ఇప్పటికీ బుద్ధి అదే, ఓపిక తగ్గిందంతే.) నేను గ్రీకు మొదలుపెట్టింది అప్పుడే.

పై అంతస్తులో ఇంటి ఓనరు ఉండేవాడు. చాలా ఏళ్లు డైనర్ అనే చిన్న హోటల్ నడిపిన గ్రీకు పెద్దాయన. నేనూ, నా రూమ్మేటూ ఆయన్ని తాత అనేవాళ్లం. ఆయన భార్య మేం అద్దెకు చేరకముందే చనిపోయింది. ఆ చలికాలం మొదట్లో స్ట్రోక్ వచ్చి ఆయన ఇంగ్లీషంతా తుడిచిపెట్టుకుపోయింది, చిన్నప్పటి గ్రీకు మాత్రం మిగిలింది. ఆయన కూతురికి ఆ భాష అంతంతమాత్రం, ఇక్కడి మన పిల్లల తెలుగులాగే. ఎవరు పెట్టినా తాత తినడం మానేశాడు. "ఇలాగే ఉంటే నర్సింగ్ హోమ్‌లో చేర్చక తప్పదు. మధ్యాహ్నాలు నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా, కాస్త కూర్చుంటావా?" అని ఆవిడ అడిగింది. నాకు ఉద్యోగం లేదన్న మాటను అంత మర్యాదగా ఎవరూ అనలేదు.

మనవాళ్లకు నేర్చుకోవడమంటే ముందు మెటీరియల్ పోగుచేయడం. లైబ్రరీ నుంచి సీడీలు, ఫోన్‌లో యాప్, వీడియోలు, టూరిస్టుల కోసం రాసిన పుస్తకం, అన్నీ తెచ్చి పెట్టుకున్నాను. యాప్ నాకు 'గుర్రం ఆపిల్ తింటోంది' అని నేర్పింది. టూరిస్టు పుస్తకం 'బీచ్ ఎటు?' అని నేర్పింది. సూప్ ముట్టని ముసలాయన ముందు ఈ రెండూ పనికొచ్చేవి కావు.

"ఏంది బావా, జాబ్ పోయి కూసుంటే జావా చూస్కోక గ్రీకు చదువుతున్నవ్? గ్రీసుల హెచ్1 ఇస్తున్నరా ఏంది?" అన్నాడు వరంగల్ రూమ్మేటు.

మొదటి రోజు తాత ముందు కూర్చునేసరికి చదివినదాంట్లో గుర్తున్నది ఒక్క మాటే: 'నే', అంటే అవును. ఆయన ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. మా ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడుతుంటే ఊ కొట్టకపోతే ఊరుకునేవారు కాదు. ఆ అలవాటు కొద్దీ "నే" అన్నాను. ఆయన ఇంకేదో అడిగాడు. "నే, నే" అన్నాను. తాత మొహం వెలిగింది. చెంచా అందుకుని గిన్నె ఖాళీ చేశాడు. రోజూ అంతే. నేను ఊ కొట్టడం, ఆయన తినడం.

"భాషలు నాకు ఇట్టే పట్టుబడతాయి" అన్నాను రూమ్మేటుతో.

"అవునవును. ఇంటర్వ్యూల గూడ గట్లనే అను" అన్నాడు వాడు.

ఒక శనివారం కూతురు గ్రీసులో ఉన్న మేనత్తకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. ఆ మేనత్త తాతతో మాట్లాడింది. తర్వాత వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. "భార్య చర్చి నుంచి సాయంత్రానికి వచ్చేస్తుందా అని అడుగుతున్నాడట. కింద ఉండే అబ్బాయేమో, ఆవిడ వస్తుందని చెబుతున్నాడట. తినలేదని తెలిస్తే ఆవిడ కోప్పడుతుందని తింటున్నాడు."

ఊ కొట్టడమంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పాలని చూశాను, కుదరలేదు. కూతురు అటు తిరిగి, కడిగిన గిన్నెనే మళ్లీ కడిగింది.

"రేపు కూడా అదే చెప్పు" అంది చివరికి.

ఆయన ఇంకా ఏమంటున్నాడో తెలుసుకోవాలని అప్పుడు నిజంగా చదివాను. సీడీలు మళ్లీ మళ్లీ విన్నాను. భార్య, చర్చి, ఎప్పుడు, ఒక్కో మాటా పట్టుబడింది. ఒక మధ్యాహ్నం తాత ప్రశ్న మొత్తం అర్థమైంది: "ఆవిడ వస్తుంది కదా?"

"నే" అన్నాను. అన్నాను కానీ, ఆయన వైపు కాక సూప్ గిన్నె వైపు చూస్తూ అన్నాను. తాత నా మొహంలోకి చూసి, చెంచా మెల్లగా కింద పెట్టేశాడు. మళ్లీ అందుకోలేదు. వసంతం రాకముందే ఆయన్ని నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్లారు. నాకు వేరే రాష్ట్రంలో, బెంటన్‌విల్‌లో ఉద్యోగం దొరికింది.

ఇప్పుడు గ్రీకు కొంచెం చదవగలను, ఆచితూచి రెండు మాటలు మాట్లాడగలను. సూప్ గిన్నె ముందు కూర్చుని, ఒక్క ముక్కా అర్థం కాకుండా తల ఊపిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే మాత్రం నవ్వొస్తుంది. ఎంత ధారాళంగా మాట్లాడేవాడో!