కడుపుకి నోరు లేదన్న డాక్టరు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఏదీ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ళ వయసు, చేతిలో కొత్తగా వచ్చిన వైద్యపు పట్టా, పెట్టెలో నాలుగు ఇంగ్లీషు పుస్తకాలు, బుర్రలో ఆ పుస్తకాల అట్టలకన్నా మందమైన గర్వం. ఇప్పుడు డెబ్భై దాటాయి, తెలియని విషయాలు రోజుకొకటి చొప్పున పెరుగుతున్నాయి. అయినా ఆనాటి కుర్ర డాక్టరు గుర్తొస్తే జాలికన్నా ముందు ఒళ్ళు మంట పుడుతుంది. ఎదురుపడితే వాడి చెవి మెలిపెట్టి ఓ మూల నిలబెట్టేవాణ్ణి. వాడి తరఫున వకాల్తా పుచ్చుకునేవాళ్ళు ఎవరూ మిగల్లేదు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పడానికి నాకేమీ మొహమాటం లేదు.

ఆ కుర్ర డాక్టరుని అరకు వైపు కొండల్లో ఒక చిన్న సర్కారు ఆసుపత్రికి వేశారు. అప్పటికి ఆ పైకి రైలూ లేదు, చెప్పుకోదగ్గ రోడ్డూ లేదు. శృంగవరపుకోట దాటాక నలుగురు మనుషుల భుజాల మీద డోలీలో ఊగుతూ ఎక్కడమే. (ఆ నలుగురూ నా బరువుతో పాటు పుస్తకాల బరువు కూడా మోశారు. ఏ బరువు ఎక్కువ దండగో వాళ్ళని అడగలేదు.) సాగనంపడానికి వచ్చిన మా మేనమామ, "రెండు నెలల్లో చలిజ్వరంతో దిగొస్తావురా, మంచం వాల్చే ఉంచుతాను" అన్నాడు. ఉద్యోగం ఆరు నెలలు పరీక్ష మీద. ఆ తర్వాత పెద్ద డాక్టరు దొర స్వయంగా వచ్చి చూసి, పనికొస్తాడని రాస్తే ఖాయం, పనికిరాడని రాస్తే తిరుగు డోలీ. దిగిరావడమంటే మావయ్య అరుగు మీద కూర్చుని జన్మంతా ఆ మంచం మాట వింటూ బతకడం. అందుకని ఆ దొర రాసే నాలుగు ముక్కలే నాకు ముక్తి, మోక్షం.

ఆసుపత్రంటే రెండు గదులు, ఒక వసారా, ఒక కాంపౌండరు. ఆయన గజపతినగరం వైపు మనిషి, ఇరవై ఏళ్ళుగా కొండ మీదే ఉండిపోయాడు, కొండవాళ్ళ మాటలన్నీ వచ్చు. పప్పులోకి నీళ్ళు కూడా ఔన్సుల లెక్కన పోసేవాడు కాబట్టి అందరూ ఆయన్ని ఔన్సుతాత అనేవారు. చేరిన మొదటివారం నేను రోగుల రిజిస్టరు తిరగేస్తే, జబ్బు పేరు రాసేచోట ఆయన దస్తూరీలో "కడుపు భయం" అని ఉంది. కింద "కడుపు అలిగింది." ఇంకా కింద "మేనత్త పోయింది, కడుపు ఏడుస్తోంది." నా నాలుగు పుస్తకాల్లోనూ ఈ రోగాలు లేవు.

"ఇదేం రాత?" అన్నాను.

"ఆళ్ళేటి సెప్తే అదే రాసినాను బాబూ. ఇక్కడ మనుసులకి ఏటొచ్చినా ముందు కడుపుకే తెలుస్తాది."

అప్పుడు నేను ఆ పెద్దమనిషిని నిలబెట్టి (అవును, నిలబెట్టే) పాఠం చెప్పాను. పుర్రె అడుగు నుంచి ఒక పొడుగాటి నాడి బయల్దేరి, మెడలోంచి దిగి, గుండెనీ ఊపిరితిత్తుల్నీ పలకరించి, కడుపులోకి పోతుంది. దాని వెంట మెదడు హుకుం పంపిస్తుంది, కడుపు ఆ పని చేస్తుంది. తల రాజు, కడుపు బంట్రోతు. బంట్రోతు భయపడటం, రాజుకి కబురు పెట్టడం ఎక్కడైనా ఉందా? కడుపుకి నోరు లేదు. (ఆ నాడిలో పైకి పోయే పోగులు కూడా ఉన్నాయని అదే పుస్తకంలో అదే పుటలో ఒక వాక్యం ఉంది. పరీక్షలో ఎప్పుడూ అడగలేదని నేను దాన్ని వదిలేశాను.) ఔన్సుతాత అంతా విని, తల గోక్కుని, "మరి ఆకలేస్తే ఆ సంగతి తలకి ఎవులు సెప్తారు బాబూ?" అన్నాడు. వెళ్ళి సీసాలు కడగమన్నాను.

అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? పాత గుడ్డ మీద ఎర్రసిరాతో ఒక పటం గీశాను. పైన కిరీటం పెట్టుకున్న తల, కింద చేతులు కట్టుకున్న కడుపు, మధ్యలో లావుపాటి నాడి, దాని పొడవునా కిందికి చూసే బాణాలు. దాన్ని వసారాలో వేలాడదీసి, సంతరోజున వచ్చినవాళ్ళందరికీ బెత్తంతో చూపించి చెప్పేవాణ్ణి. వాళ్ళు మర్యాదగా విని, విన్నాక, "మరి నా కడుపు బయపడతంది బాబూ" అనేవారు. చివరికి చట్టం చేశాను. కడుపు భయపడుతోందనీ అలిగిందనీ ఎవరన్నా సరే, నిలుచున్నపళంగా ఒక ఔన్సు ఆముదం. ఆముదం మహత్తు చూడండి, నెల తిరక్కుండా ఆ కొండల్లో ప్రతి కడుపూ భయపడటం మానేసింది. వచ్చినవాళ్ళందరికీ తలనొప్పే. నేను పైవాళ్ళకి పంపే నెలసరి నివేదికలో, ఒక మూఢనమ్మకాన్ని కూకటివేళ్ళతో పెరికేశానని మంచి ఇంగ్లీషులో రాసుకున్నాను.

నా ఆముదం ఎక్కువ తాగింది ఒక ముసలామె. మెడ నిండా రంగురంగుల పూసల పేర్లు వేసుకునేది కాబట్టి రిజిస్టరులో కూడా ఆమె పూసలమ్మే. రెండు కొండల అవతల నుంచి ప్రతి సంతకీ నడిచి వచ్చేది. "కడుపు బయపడతంది బాబూ, ముద్ద దిగదు" అనేది. మూడు సంతలు మూడు ఔన్సులు పోశాను. నాలుగో సంతకి ఆమె ముందు నా ముఖం చూసింది, తర్వాత ఆముదం సీసా చూసింది, "తల నొప్పి బాబూ" అంది. "చూశావా?" అన్నాను ఔన్సుతాతతో. ఆయన నావైపు తిరక్కుండా ఆముదం సీసాకి మూత బిగించాడు. ఒక మనిషిని ఇంతకంటే మర్యాదగా అసహ్యించుకోవడం కుదరదని ఇప్పుడైతే నాకు అర్థమవుతుంది.

దొర వచ్చే రోజు రానే వచ్చింది. సంతరోజే. ఆ పొద్దున్న లేచేసరికి నా పొట్టలో గంజి కుతకుత ఉడుకుతున్నట్టుంది. నోట్లో పెట్టిన చోడి అంబలి గొంతు దిగదు, రాత్రి దిగింది ఆగదు. ముందు ఊటనీళ్ళని తిట్టాను, తర్వాత ఔన్సుతాత వండిన పప్పుని, ఆ తర్వాత కొండగాలిని. కడుపు కట్టే బిస్మత్తు పొడి రెండుసార్లు మింగాను.

"దొరొస్తన్నాడని కడుపుకి ముందే తెలిసిపోనాది బాబూ" అన్నాడు ఔన్సుతాత, చాలా నెమ్మదిగా.

"నాకేం భయం లేదు."

అది అబద్ధం కాదు. తలకి నిజంగానే భయం లేదు. అడగబోయే ప్రశ్నలన్నీ అప్పచెప్పుకుని, జవాబులు వరసపెట్టుకుని కూర్చుంది. వెధవ తల, ఎప్పుడూ అంతే, ఇల్లు కాలుతుంటే జుట్టు దువ్వుకునే రకం.

దొర పొడుగాటి మనిషి, ముసలాయన, మీసాలు పొగాకుతో పసుపెక్కాయి. మన భాష పరీక్షకి చదివి నేర్చుకున్నాడు కాబట్టి ఆయన నోట గ్రాంథికం తప్ప పలికేది కాదు. రిజిస్టరు తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. "ఈ పర్వతములలో సమస్త జనులకును శిరోవేదన మాత్రమే కలదా?" అన్నాడు. నేను గర్వంగా పటం చూపించి బెత్తంతో మొదలుపెట్టాను. రాజు, బంట్రోతు, హుకుం. ఆయన చాలాసేపు ఆ కిరీటం వైపే చూసి, "రోగిని పిలువుము" అన్నాడు. వరసలో ముందున్నది పూసలమ్మ. ఏమి బాధ అని అడిగితే, ఆముదం సీసా ఉన్న అలమార వైపు ఒక చూపు చూసి తలనొప్పంది. దొర ఆమె నాలుక చూశాడు, పొట్ట నొక్కి చూశాడు. పూసల వెనక ఎముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా ఉన్నాయి. "ఈమె భుజించుట లేదు. కారణమేమి?" అని నావైపు తిరిగాడు.

నేను నోరు తెరిచాను. తల వరసపెట్టుకున్న జవాబుల్లో ఈ ప్రశ్నకి సరిపోయేది లేదు. ఆరు నెలలుగా చూస్తున్న మనిషి ఎందుకు తినడం లేదో నాకు తెలియదు. మావయ్య మంచం కళ్ళ ముందు కనిపించింది. సరిగ్గా అప్పుడే నా పొట్ట, కింద సంతలోకి కూడా వినపడేటట్టు, ఒక పెద్ద మూలుగు మూలిగింది. ఎవరూ నవ్వలేదు. పూసలమ్మ మాత్రం రెండడుగులు ముందుకొచ్చి నా ముఖంలోకి చూసి, దొరతో ఎంతో దయగా చెప్పింది.

"ఈ బాబు కడుపు బయపడతంది దొరా. ఆముదం ఎయ్యకండి. అది తాగితే బయిం పోదు, నానెరుగుదును."

"ఆముదమా?" అన్నాడు దొర. దానికి ఎవరు ఏం జవాబు చెప్పారో నేను వినలేదు. అప్పటికే ఆసుపత్రి వెనక వెదురు డొంక వైపు పరిగెత్తుతున్నాను. (ఆ పరుగులో నా పంచె కొస వెదురుముల్లుకి చిక్కి అక్కడే ఉండిపోయింది. విడిపించుకునేంత తీరిక నా బంట్రోతు ఇవ్వలేదు.)

ఎంతసేపటికో తిరిగి వచ్చేసరికి ఔన్సుతాత అంతా చెప్పేసినట్టున్నాడు. దొర కుర్చీ వదిలేసి రోగులు కూర్చునే బల్ల మీద పూసలమ్మ పక్కన కూర్చున్నాడు. "నీ కడుపు దేనికి భయపడుచున్నది?" అని అడుగుతున్నాడు. ఆ భాష ఆ కొండల్లో ఏ మనిషీ మాట్లాడడు. అయినా ఆమెకి అర్థమైంది, ఎందుకంటే ఆయన అడిగి, జవాబు కోసం ఆగాడు.

"నా కొడుకు అస్సాం తేయాకు తోటలకి ఎలిపోనాడు దొరా. ఏడాదైపోనాది, కబురు నేదు. తల ఒస్తాడనే సెప్తంది. కడుపు ఒప్పుకోదు."

ఒక్క నిమిషం పట్టింది ఆ మాట బయటికి రావడానికి. నేను ఆరు నెలల్లో ఆ నిమిషం ఖర్చుపెట్టలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

దొర వెళ్ళేముందు తనిఖీ పుస్తకంలో రాశాడు. ఇతను చదువుకున్నవాడు, వినడం ఇంకా నేర్చుకోలేదు, మరో ఆరు నెలలు ఇక్కడే ఉంచి చూడాలి. ఖాయమూ కాదు, తిరుగు డోలీ కూడా కాదు. తర్వాత నా చేతికి కలమిచ్చి, పటం చూపించి, "కొన్ని బాణములు పైకి గీయవలెను" అన్నాడు. గీశాను. చాలా ఏళ్ళ తర్వాత, జుట్టు నెరిశాక, ఒక వైద్య పత్రికలో చదివాను. ఆ నాడిలో కిందికి హుకుం మోసే పోగులకన్నా, కడుపు కబుర్లు పైకి మోసే పోగులే ఎన్నో రెట్లు ఎక్కువట. దొర కూడా తక్కువే గీయించాడన్నమాట. ఎలకలనీ పిల్లులనీ కోసి అంత శ్రమపడి కనుక్కున్న ఆ మహానుభావులకి దణ్ణం పెట్టాను గానీ, సీసాలు కడగమని పంపిన ఔన్సుతాతకి పెట్టాల్సిన దణ్ణం అప్పటికే ఆలస్యమైపోయింది.

దొర వెళ్ళిన మర్నాడే, మనుషుల్ని తోటలకి పంపించే డిపోకి ఉత్తరం రాశాను. ప్రతి సంతకీ పూసలమ్మ వచ్చేది. కడుపు ఏమంటోందని అడిగేవాణ్ణి, ఆమె చెప్పేది, నేను వినేవాణ్ణి. మందేమీ లేదు. రెండు నెలలు దాటాక జవాబు వచ్చింది. కొడుక్కి చాలాకాలం జ్వరం తగిలిందనీ, ఇప్పుడు లేచి పనిచేస్తున్నాడనీ, గడువు తీరగానే పంపిస్తామనీ. మధ్యాహ్నం నేను అన్నం ముందు కూర్చోబోతుంటే ఆమె వచ్చింది. ఔన్సుతాత వాళ్ళ భాషలో చెబుతుంటే, నేను ఒక్కొక్క ముక్కే చదివాను. ఆమె ఏడవలేదు, నవ్వలేదు. ఉత్తరం పూర్తికాకుండానే నా కంచం వైపు చూసి, "అన్నముందేటి బాబూ?" అంది.

కంచం ఆమె ముందుకి జరిపాను. కందిపప్పు, అన్నం, ఒక ఉల్లిపాయ. వసారా మెట్టు మీద కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా, మెతుకు మిగలకుండా తింది. మళ్ళీ అడిగి కుండలో ఉన్నది కూడా తింది. కుర్ర డాక్టరు ఆ పూట పస్తు. గుంజకి ఆనుకుని ఆ ఖాళీ కంచం చూసుకుని వాడిలో వాడే నవ్వుకున్నాడు. ఆ ఏడాది మొత్తంలో వాణ్ణి నేను క్షమించగలిగింది ఆ ఒక్క పూటకే.