మరదలు కదిలించిన ఇంజను

ఆవిడ ముప్ఫై ఏళ్లుగా కుట్టుమిషన్లు బాగుచేస్తోంది. బజారు మలుపులో ఇరుకు గది, గదిలో ఒక బల్ల, బల్ల నిండా స్క్రూలూ స్ప్రింగులూ నూనె డబ్బాలూ. అందరూ మిషనక్క అంటారు. ఎంత మొండి మిషనైనా ఆవిడ చేతిలో పడితే దారికొస్తుందని పేరు.

ఆవిడ అక్కా బావా ఊరి చివర మొక్కలు పెంచి అమ్ముతారు. అక్కడి రేకుల షెడ్డులో చిన్న తోట ట్రాక్టరొకటి తొమ్మిదేళ్లుగా మూలపడి ఉంది. ఇంజను బిగుసుకుపోయింది. ముగ్గురు మెకానిక్కులు చూసి పెదవి విరిచారు.

ఒక ఆదివారం ఆవిడ వెళ్లేసరికి, పాత ఇనుము కింద ఇచ్చేయడానికి బావ దాన్ని బయటికి లాగిస్తున్నాడు.

"ఆగండి బావా, నేనొకసారి చూస్తాను."

"ఇది నీ కుట్టుమిషను కాదమ్మా మరదలా, సూది మార్చి దారమెక్కిస్తే నడవడానికి!"

"నెల రోజులివ్వండి. నడవకపోతే నేనే తోసుకెళ్లి ఇచ్చొస్తా."

"సరే, కానీ. మీ అక్కచెల్లెళ్ల మొండితనం నాకు కొత్తా?" అని నవ్వేశాడు బావ.

ఆవిడ స్పార్క్ ప్లగ్గు విప్పి టార్చి వేసి చూసింది. లోపల పిస్టను తుప్పుపట్టి అతుక్కుపోయింది. ఆ రంధ్రంలోంచి డీజిలూ ఇంజనాయిలూ కలిపి పోసింది. నూనె గట్టిపడి బిగిసిన మిషన్లను ఎన్నింటినో ఆవిడ ఇలాగే నానబెట్టి వదిలించింది. ఇంజను చక్రం మీదా, పక్కనున్న రేకు మీదా దర్జీ సుద్దతో ఒకే గీత గీసింది. రోజూ సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చి, చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని ముందుకీ వెనక్కీ నెట్టేది. పదకొండు రోజులు గీత ఉన్నచోటే ఉంది.

"చేతులు బొబ్బలెక్కుతున్నాయి, వదిలెయ్యవే," అంది అక్క.

"అది వదిలితేగా నేను వదలడానికి!"

పన్నెండో రోజు గీత నువ్వుగింజంత పక్కకి జరిగింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. నిజంగానే జరిగింది! ఎవరికీ చెప్పలేదు. మర్నాడు వేలెడు జరిగింది. మూడో వారం దాటేసరికి చక్రం కిర్రుమంటూ పూర్తిగా తిరిగింది. అప్పుడు ఇంజను పైమూత విప్పి, తుప్పును సన్న గరుకు కాగితంతో రుద్దింది. కార్బురేటర్‌లో కందిరీగ పెట్టిన మట్టిగూటిని సూదితో పొడిచి తీసింది. మూత బిగించి, ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టి చక్రం తిప్పితే, లోపలి గాలి వేలిని ఎగదన్నింది. "ఊపిరుంది," అనుకుంది.

చివరి ఆదివారం బావ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ ప్లగ్గు బిగించి, పెట్రోలు పోసి, స్టార్టరు తాడు లాగింది. ఉలుకూ పలుకూ లేదు. రెండోసారి ఇంజను దగ్గింది. నాలుగోసారి నల్లటి పొగ కక్కి, డుగుడుగుమని అందుకుంది. రేకుల మీది పిచ్చుకలు ఒక్కసారిగా లేచిపోయాయి.

"ఇదిగో, ఇలా రా! మీ చెల్లెలు దీన్ని బతికించేసింది!" బావ గొంతు చించుకుని అరిచాడు. తర్వాత ఆవిడ వైపు తిరిగి, "ముందు నువ్వే ఎక్కాలి మరదలా," అన్నాడు.

ఆవిడ జన్మలో ట్రాక్టరు నడపలేదు. కొంగు బిగించి ఎక్కింది. కుండీల వరసల మధ్య నత్తనడకన పోతూ మలుపులో రెండు కుండీలు పగలగొట్టింది. అక్క లబోదిబోమంది. ఆవిడకవేమీ వినపడలేదు. వెన్ను నిటారుగా పెట్టి ఇంకో చుట్టుకి తిప్పింది.